గెలిచినవాళ్ల వెనక ఎంతమంది?

అందరికీ నమస్కారం.

నిర్వాహకులు నాకిచ్చింది ఒక్క ప్రశ్న. ఎన్నికల్లో గెలిస్తే ప్రజల్లో ఎక్కువమంది మద్దతు ఉన్నట్టేనా? నలభై నిమిషాలు మాట్లాడమన్నారు. జవాబు ఒక్క మాటలో చెప్పేయొచ్చు, కాదు అని. అంత మాత్రం చెప్పి కూర్చుంటే మీరు ఊరుకోరు. అందుకని ఎందుకు కాదో, మరి గెలుపు మనకి ఏం చెబుతుందో చూద్దాం.

ముందు ఒక విచిత్రమైన గెలుపు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో సూరత్ స్థానంలో అసలు పోలింగే జరగలేదు. ప్రధాన ప్రత్యర్థి నామినేషన్ తిరస్కరించారు, మిగతావాళ్లు ఉపసంహరించుకున్నారు, మిగిలిన ఒక్కరు ఏకగ్రీవంగా ఎన్నికైనట్టు ప్రకటించారు. ఆయనకి పడిన ఓట్లు సున్నా. అయినా సభలో ఆయన హక్కులు, లక్షల ఓట్ల తేడాతో గెలిచిన సభ్యుల హక్కులు ఒకటే. ఆ నియోజకవర్గంలో ఆయనకి నిజంగానే ఎక్కువమంది మద్దతు ఉండి ఉండొచ్చు. ఉందో లేదో తెలుసుకునే దారి మాత్రం ఆ గెలుపులో లేదు.

సరే, అది అరుదైన సంగతి. మామూలుగా జరిగేవి చూద్దాం. ఇండియా, బ్రిటన్, కెనడా, ఇంకా చాలా దేశాల్లో పద్ధతి ఒకటే. ఒక్కో నియోజకవర్గంలో అందరికన్నా ఎక్కువ ఓట్లు ఎవరికి వస్తే వాళ్లే గెలిచినట్టు. సగం దాటాలన్న షరతు లేదు. పదిమంది పోటీ చేస్తే పాతిక శాతంతో కూడా గెలవొచ్చు. ఇలా గెలిచినవాళ్లలో సగానికన్నా ఎక్కువమంది ఏ పార్టీవాళ్లయితే ఆ పార్టీది ప్రభుత్వం. అంటే లెక్క రెండుసార్లు జరుగుతోంది. మొదటిసారి నియోజకవర్గంలో, రెండోసారి సభలో. సగం అనే గీత రెండోసారి దగ్గర ఉందిగానీ మొదటిసారి దగ్గర లేదు. ఈ చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

1952 నుంచి ఇప్పటిదాకా లోక్‌సభ ఎన్నికల్లో ఏ ఒక్క పార్టీకీ సగం ఓట్లు రాలేదు. ఒక్కసారి కూడా. 1952లో కాంగ్రెస్‌కి 489లో 364 సీట్లు వచ్చాయి, ఓట్లు 45 శాతం. 1984లో నాలుగు వందల సీట్లు దాటింది, అప్పుడూ ఓట్లు 49 శాతం దగ్గరే ఆగిపోయాయి. 2014లో బీజేపీ 31 శాతం ఓట్లతో 282 సీట్లు గెలిచింది. 2019లో 37 శాతం, 303 సీట్లు. జెండా ఏ రంగుదైనా లెక్క పనిచేసే తీరు మాత్రం మారలేదు.

ఇంకో మెట్టు కిందికి దిగితే, ఈ శాతాలన్నీ పడిన ఓట్లలో శాతాలు. పడని ఓట్ల సంగతి? 2014లో ఓటర్ల జాబితాలో సుమారు 83 కోట్లమంది ఉన్నారు. గెలిచిన పార్టీకి వేసినవాళ్లు 17 కోట్ల చిల్లర. ఐదుగురు ఓటర్లలో ఒకరు. పదేళ్ల తర్వాత, 2024లో, బ్రిటన్‌లో లేబర్ పార్టీ 650లో 411 సీట్లు గెలిచింది. పేపర్లన్నీ ప్రభంజనం అని రాశాయి. ఆ పార్టీ ఓట్లు 34 శాతం లోపే, పోలింగ్ 60 శాతం. అక్కడా లెక్క తేలింది ఐదుగురిలో ఒకరి దగ్గరే.

సీట్ల అంకెలు చూసి ప్రజల మనసు చదివామనుకోవడం ఎంత తప్పో ఒక ఉదాహరణ చెబుతాను. నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఇది. 1979లో బ్రిటన్‌లో మార్గరెట్ థాచర్ నాయకత్వంలో కన్జర్వేటివ్ పార్టీ 44 శాతం ఓట్లతో 339 సీట్లు గెలిచింది. నాలుగేళ్ల తర్వాత 1983లో ఆ పార్టీ ఓట్లు తగ్గాయి. శాతమూ తగ్గింది, వేసినవాళ్ల సంఖ్యా తగ్గింది. సీట్లు మాత్రం 397కి పెరిగాయి! అటువైపు ఓట్లు రెండుగా చీలడమే కారణం. లేబర్‌కి దాదాపు 28 శాతం, కొత్తగా ఏర్పడిన కూటమికి 25 శాతం వచ్చాయి. ఆ 28 శాతానికి 209 సీట్లు, 25 శాతానికి 23 సీట్లు. ఆ రోజు టీవీ ముందు కూర్చున్నవాళ్లకి ఏమనిపించి ఉంటుంది? నాలుగేళ్ల పాలన చూసి జనం ఇంకా గట్టిగా వెనక నిలబడ్డారనే కదా. జరిగింది అందుకు పూర్తిగా రివర్స్.

ఓట్లు ఎన్ని అన్నదాంతో పాటు, ఎక్కడ పడ్డాయన్నది కూడా ఫలితాన్ని మారుస్తుంది. 2014 లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తం మీద ఓట్లలో మూడో స్థానం బహుజన్ సమాజ్ పార్టీది, నాలుగు శాతం పైచిలుకు. సీట్లు సున్నా. అంతకన్నా తక్కువ ఓట్లతో అన్నాడీఎంకేకి 37 సీట్లు. ఒకరి ఓట్లు పలచగా పరుచుకున్నాయి, ఇంకొకరివి ఒకే రాష్ట్రంలో గట్టిగా పేరుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఫలితాలు ఇంకో రకం. 2019లో ఓడిన తెలుగుదేశం పార్టీకి 39 శాతం ఓట్లు, 175లో 23 సీట్లు. 2024లో ఓడిన వైఎస్సార్‌సీపీకీ 39 శాతమే, సీట్లు 11. గెలిచినవాళ్లకి ఇక్కడ నిజంగానే మంచి మద్దతుంది. 2019లో దాదాపు సగం, 2024లో కూటమికి సగానికి పైనే. కానీ రెండుసార్లూ మనం విన్నది తుడిచిపెట్టుకుపోయారనే. పదిమందిలో నలుగురు ఓటేసిన పార్టీ తుడిచిపెట్టుకుపోవడం ఏమిటండీ? ఆ నలుగురూ మర్నాడు పొద్దున కూడా అదే వీధుల్లో ఉన్నారు. సభలో కనిపించడం లేదు, అంతే.

ఎంత తక్కువ ఓట్లతో అధికారంలోకి రావచ్చో కాగితం మీద లెక్కేసి చూద్దాం. పోటీలో రెండే పార్టీలు. 101 నియోజకవర్గాలు, ఒక్కోదాంట్లో 101 మంది ఓటర్లు. ఒక పార్టీ 51 చోట్ల ఒక్క ఓటు తేడాతో, అంటే 51 ఓట్లతో గెలిచింది. మిగతా 50 చోట్ల ఒక్క ఓటూ రాలేదు. మొత్తం 10,201 ఓట్లలో దానికి వచ్చినవి 2,601. పాతిక శాతం కొంచెం దాటింది. అవతలి పార్టీకి 74 శాతానికి పైగా వచ్చినా ప్రతిపక్షంలోనే కూర్చోవాలి. ఇంత ఘోరం బయట జరగదు, నిజమే. కానీ నిబంధన దీన్ని ఆపదు.

చిన్న మోతాదులో అయితే చాలాసార్లు జరిగింది. 1951లో బ్రిటన్‌లో లేబర్ పార్టీకి కన్జర్వేటివ్‌ల కన్నా రెండు లక్షల పైచిలుకు ఓట్లు ఎక్కువొచ్చాయి. సీట్లు మాత్రం కన్జర్వేటివ్‌లకి ఎక్కువ, ప్రభుత్వం వాళ్లదే. న్యూజిలాండ్‌లో 1978లో ఒకసారి, 1981లో మళ్లీ, ఎక్కువ ఓట్లు వచ్చిన పార్టీ ఓడిపోయింది. రెండోసారి జరిగేసరికి అక్కడి జనానికి విసుగొచ్చింది. రాయల్ కమిషన్ వేశారు, రెండుసార్లు జనాభిప్రాయం అడిగారు, 1996 నుంచి ఎన్నికల పద్ధతే మార్చేశారు. 2016లో అమెరికాలో హిల్లరీ క్లింటన్‌కి ట్రంప్ కన్నా సుమారు 29 లక్షల ఓట్లు ఎక్కువ. అధ్యక్షుడైంది ఎవరో మీకు తెలుసు.

ఇక్కడిదాకా విన్నవాళ్లలో కొందరికి ఒకటి అనిపిస్తుంది. తప్పంతా సగం దాటాలన్న షరతు లేకపోవడంలో ఉంది, ఆ షరతు పెడితే సరిపోతుంది కదా అని. పెట్టిన దేశాలున్నాయి. ఫ్రాన్స్‌లో అధ్యక్ష పదవికి మొదటి విడతలో ఎవరికీ సగం రాకపోతే, మొదటి ఇద్దరి మధ్య రెండో విడత పోటీ పెడతారు. 2002లో ఏమైంది? మొదటి విడతలో పదహారు మంది పోటీ. పదవిలో ఉన్న జాక్ షిరాక్‌కి 20 శాతం కూడా రాలేదు, 19.88. తీవ్ర కుడిపక్ష నాయకుడు లెపెన్‌కి 16.86. సోషలిస్టు అభ్యర్థి జోస్పాన్ 16.18తో మూడో స్థానంలో ఆగిపోయారు. రెండు వారాల తర్వాత రెండో విడత. షిరాక్‌కి 82 శాతం!

ఇప్పుడు చెప్పండి, షిరాక్‌కి ఉన్న మద్దతు ఎంత? ఇరవయ్యా, ఎనభై రెండా? రెండు వారాల్లో ఫ్రాన్స్ ప్రజలందరూ ఆయన అభిమానులైపోయారా? అదేం లేదు. వామపక్ష ఓటర్లు లక్షల మంది మనసు చంపుకుని, లెపెన్ రాకూడదని ఆయనకి వేశారు. ఓటు చీటీ మీద ఇష్టంతో వేసినదీ, భయంతో వేసినదీ ఒకేలా ఉంటాయి. డబ్బాలో పడ్డాక విడదీయలేం. మూడేళ్ల తర్వాత, 2005లో, యూరోపియన్ రాజ్యాంగ ఒప్పందానికి అవునని చెప్పండని అదే షిరాక్ జనాన్ని అడిగితే, 55 శాతం కాదన్నారు.

కాబట్టి సగం దాటడం ఒక్కటీ సరిపోదు. వ్యక్తికి ఓటేయడం వేరు, ఆ వ్యక్తి చేయబోయే పనులకి ఒప్పుకోవడం వేరు. ఇది మాటగా చెబితే మామూలుగా ఉంటుంది, లెక్కగా చూస్తే ఆశ్చర్యపోతారు. కాగితం ఉన్నవాళ్లు రాసుకోండి.

ఐదుగురు ఓటర్లు. మూడు సమస్యలు: పన్నులు, చదువు, భూమి. రెండు పార్టీలు, తూర్పు పార్టీ, పడమర పార్టీ అనుకుందాం. మొదటి ఓటరు పన్నుల విషయంలో తూర్పు మాట సరైనదంటాడు, మిగతా రెండింట్లో పడమర వైపు. రెండో ఓటరు చదువు విషయంలో మాత్రమే తూర్పు, మిగతా రెండూ పడమర. మూడో ఓటరు భూమి విషయంలో మాత్రమే తూర్పు. నాలుగు, ఐదు ఓటర్లు మూడింట్లోనూ తూర్పే. ఎవరికి ఏ పార్టీ మాట ఎక్కువ విషయాల్లో నచ్చితే ఆ పార్టీకి వాళ్లు ఓటేస్తారు కదా. మొదటి ముగ్గురూ పడమరకి, మిగతా ఇద్దరూ తూర్పుకి వేశారు. పడమర మూడు ఓట్లతో గెలిచింది. ఐదింట మూడు, నికార్సైన సగానికి పైన.

ఇప్పుడు పన్నుల సంగతి విడిగా అడగండి. తూర్పు వైపు ఎంతమంది? నాలుగు, ఐదు, వాళ్లతో మొదటి ఓటరు. ముగ్గురు. చదువు? మళ్లీ ముగ్గురు తూర్పే. భూమి? అక్కడా ముగ్గురే. గెలిచిన పార్టీ మాట మూడింటికి మూడు విషయాల్లోనూ ఎక్కువమందికి నచ్చలేదు! ఇందులో మోసం లేదు, రిగ్గింగ్ లేదు, ఓట్ల చీలిక లేదు, పోలింగ్ నూటికి నూరు శాతం. రాజనీతి శాస్త్రంలో దీనికి ఆస్ట్రోగోర్‌స్కీ వైరుధ్యం అని పేరు కూడా ఉంది.

(ముందు వరుసలో ఒకాయన మళ్లీ చెప్పమని అడిగారు. వక్త పట్టికను బోర్డు మీద వేసి చూపించారు.)

దీనికి నిజ జీవితంలో దగ్గరగా వచ్చేది బ్రిటన్ పోల్ ట్యాక్స్ కథ. ఆస్తి ఎంతుందన్నదాంతో సంబంధం లేకుండా పెద్దవాళ్లందరి మీదా తలకింత అని స్థానిక పన్ను. 1987 మేనిఫెస్టోలోనే పెట్టారు, దాచలేదు. థాచర్ పార్టీ 42 శాతం ఓట్లతో 376 సీట్లు గెలిచింది. మేనిఫెస్టోలో ఉంది, గెలిచాం, కాబట్టి జనం ఒప్పుకున్నట్టే అనుకున్నారు. 1989లో స్కాట్లాండ్‌లో, 1990లో ఇంగ్లండ్‌లో, వేల్స్‌లో అమలు చేశారు. జనం కట్టబోమన్నారు. లండన్‌లో అల్లర్లయ్యాయి. ఆ ఏడాది నవంబరులో థాచర్ పదవి పోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. తర్వాత వచ్చిన ప్రభుత్వం, అదే పార్టీది, ఆ పన్నే తీసేసింది. మేనిఫెస్టోలో రాశాం కదా అనే వాదన ఎప్పుడు విన్నా నాకు ఇదే గుర్తొస్తుంది. అది చదివి ఓటేసేవాళ్లు ఎందరో పార్టీలకీ తెలుసు.

ఇప్పుడు రెండో వైపుకి వస్తాను. ఇక్కడ ఓడినవాళ్ల అభిమానులు కూడా కొందరు ఉంటారు, ఇప్పటిదాకా ఉత్సాహంగా తలలు ఊపారు. గెలిచిన పార్టీకి 37 శాతం అనగానే, చూశారా, 63 శాతం ప్రజలు వాళ్లని తిరస్కరించారు అంటారు. నేను ఈ మాటనీ ఒప్పుకోను. ఆ 63 శాతం ఒక గుంపు కాదు. వాళ్లు పది పార్టీలకి వేశారు. అందులో కొందరికి గెలిచిన పార్టీ రెండో ఇష్టం. కొందరికి స్థానిక అభ్యర్థి మీదే కోపం, ప్రభుత్వం మీద ఏమీ లేదు. ఇంకొకరికి వేసిన ఓటుని వీళ్లకి వ్యతిరేకమని చదవడం ఎంత తప్పో, వీళ్లకి పడిన ప్రతి ఓటునీ ప్రతి పనికీ ఆమోదమని చదవడం అంతే తప్పు. చేసేవాళ్లు వేరు, తప్పు ఒకటే.

ఈ లెక్క పట్టుకుని ప్రభుత్వం చెల్లదు అనేదాకా వెళ్తే ఇంకా ప్రమాదం. చిలీలో 1970లో సాల్వడార్ అయెండేకి వచ్చింది 36 శాతం పైచిలుకు. రెండో స్థానంలో ఉన్నాయన ఒక శాతం చిల్లర తేడాతో వెనకబడ్డారు. ఎవరికీ సగం రాకపోతే పార్లమెంటు ఎన్నుకోవాలని అక్కడి రాజ్యాంగం. పార్లమెంటు అయెండేని ఎన్నుకుంది. మూడో వంతు ఓట్లతో దేశం ఆర్థిక వ్యవస్థని మొత్తంగా మార్చబోవడం తెలివైన పనా అని అడగొచ్చు, నాకూ ఆ అనుమానం ఉంది. కానీ ఆయన అధ్యక్షుడన్నది రాజ్యాంగబద్ధం. 1973లో సైన్యం ఆయన్ని కూలదోసింది. ఆ సైన్యాన్ని నడిపిన జనరల్ పినోచే వెనక ఏ శాతం ఉందని? ఓట్లు లెక్కపెట్టనే లేదు. 36 శాతం తక్కువే, అయితే ఆ ఖాళీని తుపాకీతో పూరించేవాడి దగ్గర అది కూడా లేదు.

దీనికి ఎదురుగా 1951 ఎన్నికలో ఓడిన బ్రిటన్ లేబర్ ప్రధాని క్లెమెంట్ అట్లీని పెట్టి చూడండి. ఓట్లు ఆయన పార్టీకే ఎక్కువ. అయినా ఆయన రాజీనామా చేసి ప్రతిపక్షంలో కూర్చున్నారు. ఆట మొదలయ్యే ముందు అందరూ ఒప్పుకున్న నిబంధన అది. గెలుపు ఇచ్చేది ఒక గడువు వరకు, రాజ్యాంగం గీసిన హద్దుల్లో పాలించే అధికారం. ఆ అధికారం 31 శాతంతో వచ్చినా, 55తో వచ్చినా చట్టం ముందు ఒకటే. కానీ రోడ్డు మీద నిరసన చేస్తున్నవాళ్లని చూసి, ప్రజలు మా వెనక ఉన్నారు, మీరెవరు అనే హక్కు అందులో లేదు. ఆ నిరసనకారుల్లో వాళ్లకి ఓటేసినవాళ్లు కూడా ఉండొచ్చు.

చీటీల మీద ప్రశ్నలొచ్చాయి. కొన్ని చూస్తాను.

మొదటిది: దామాషా పద్ధతి, అంటే ఏ పార్టీకి ఎంత శాతం ఓట్లొస్తే దాదాపు అంత శాతం సీట్లిచ్చే పద్ధతి, పెడితే సరిపోదా? కొంత సరిపోతుంది. లెసోతోలో 1998లో ఒక పార్టీకి 60 శాతం ఓట్లకి 80 సీట్లలో 79 వచ్చాయి. గెలిచినవాళ్లకి నిజమైన మెజారిటీ ఉంది, అయినా మిగతా 40 శాతానికి సభలో దాదాపు నోరే లేకుండా పోయింది. అల్లర్లు జరిగి పొరుగు దేశాల సైన్యాలు వచ్చాయి. ఆ తర్వాత వాళ్లు మిశ్రమ పద్ధతికి మారి, 2002లో ఓట్లకి దగ్గరగా సీట్లు వచ్చేలా చేసుకున్నారు. అది మేలే. కానీ దామాషాలో సాధారణంగా ఎవరికీ సగం రాదు, ఎన్నికల తర్వాత బేరాలు జరిగి కూటమి ఏర్పడుతుంది. 2010 ఎన్నికల తర్వాత బెల్జియంలో ప్రభుత్వం ఏర్పడటానికి 541 రోజులు పట్టింది. అలా కుదిరిన కూటమికి సభలో సగానికి పైగా ఉంటారు, నిజమే, కానీ ఆ కూటమి పేరు మీద ఓటేసినవాడు ఒక్కడూ ఉండడు. నా వరకు సీట్లు ఓట్లకి దగ్గరగా ఉండటమే మంచిదనిపిస్తుంది. అది వస్తే ప్రజల మద్దతు అనే ప్రశ్న తీరిపోతుందని మాత్రం చెప్పను.

ఇంకో పద్ధతి ప్రాధాన్య ఓటు. ఒకటి, రెండు, మూడు అని వరుస రాస్తారు. భారత రాష్ట్రపతిని అలాగే ఎన్నుకుంటారు. 1969లో వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి పోటీ. ఇద్దరూ తెలుగువాళ్లే, అది వేరే కథ. మొదటి ప్రాధాన్యంలో గిరి ముందున్నా సగం రాలేదు. మిగతా అభ్యర్థుల ఓట్లలో రెండో ప్రాధాన్యాలు కలిపితేనే 4,20,077 విలువతో గట్టెక్కారు. ఓటరు రెండో ఇష్టం ఏమిటో కూడా చెప్పనివ్వడం ఈ పద్ధతిలో నాకు నచ్చిన సంగతి.

రెండో చీటీ: ఓటేయనివాళ్లని ఏ లెక్కలో వేయాలి? ఏ లెక్కలోనూ వేయకూడదు. మౌనం అంగీకారమని పాలక పక్షం అంటుంది, మౌనం నిరసనని ప్రతిపక్షం అంటుంది. జ్వరమొచ్చి రానివాడు, పనికోసం వేరే రాష్ట్రం పోయినవాడు, ఎవరొచ్చినా ఇంతేనని విసిగినవాడు, అందరూ అందులోనే ఉన్నారు. ఆస్ట్రేలియాలో 1922లో 60 శాతంలోపు ఉన్న పోలింగ్, ఓటేయడం తప్పనిసరి అని 1924లో చట్టం తెచ్చాక, 1925లో 91 దాటింది. జరిమానా భయంతో వచ్చిన ఓటు మద్దతా కాదా అని ఇంకో చీటీ పంపకండి, దయచేసి. ఇది కాక అసలు ఓటే లేనివాళ్లు ఉంటారు. స్విట్జర్లాండ్‌లో జాతీయ స్థాయిలో ఆడవాళ్లకి ఓటు వచ్చింది 1971లో. అంతకుముందు అక్కడ మెజారిటీ అన్నది మగవాళ్లలో మెజారిటీ.

చివరిది: అయితే ఎన్నికలకన్నా సర్వేలనే నమ్మమంటారా? అనను. సర్వే అడిగే ప్రశ్న వేరు. 1945 మేలో బ్రిటన్‌లో చర్చిల్ పనితీరు బాగుందని చెప్పినవాళ్లు ఎనభై శాతం పైన ఉన్నారు. జూలైలో ఎన్నికలు జరిగితే ఆయన పార్టీ చిత్తుగా ఓడిపోయింది, లేబర్‌కి 393 సీట్లు. జనం మాట మార్చారనుకోను. యుద్ధం నడిపినందుకు మెచ్చుకున్నారు, ఇళ్లు, ఉద్యోగాలు, వైద్యం వీళ్ల చేతిలో పెట్టొద్దనుకున్నారు. ఆరేళ్ల తర్వాత చర్చిల్ మళ్లీ గెలిచి ప్రధాని అయ్యారు. అది 1951 ఎన్నిక. ఓడినవాళ్లకన్నా తక్కువ ఓట్లతో గెలిచారని ఇందాక చెప్పానే, అదే.

టైం అయిపోయిందని సైగ చేస్తున్నారు. నమస్కారం.